నా పెదవులు ఆగిన రోజు

సహోదరులారా, సహోదరీలారా, మీరు నవ్వుతారని తెలిసినా చెప్పేస్తాను, మొన్న వేసవిలో నా బతుకంతా నా పెదవుల దగ్గర చిక్కుకుపోయింది. మొదటి సినిమా, కూతురి వేషం, అత్తిబెలె దగ్గర మూతపడిన ఒక ఫ్యాక్టరీలో షూటింగు. నేనేమో ఎదుటివాళ్ళు డైలాగు చెబుతుంటే వాళ్ళతోపాటు చప్పుడు లేకుండా పెదవులు కదుపుతున్నాను. కెమెరా నా ముఖం మీదే ఉంది కదా, అంతా దొరికిపోతోంది.

మాది సినిమా ఇల్లు. తాత మేకప్ చేసేవారు, నాన్న లైట్‌మన్, అమ్మ ఏళ్ళ తరబడి హీరోయిన్లకు డబ్బింగ్ చెబుతోంది. పసిదాన్నప్పటి నుంచీ నన్ను చంకనేసుకుని స్టూడియోకు తీసుకెళ్ళేది. తెర మీద ఎవరి పెదవులు కదిలితే వాళ్ళతోపాటు నావీ కదపడమే నేను నేర్చిన మొదటి ఆట. ఆ ఆటే నా కొంప ముంచింది. తండ్రి వేషం ఆయనతో పదహారు టేకులయ్యాక దర్శకుడు కుర్చీలోంచి లేచొచ్చి, "ఏమ్మా, ఆయన మాట ఆయన చెప్పుకుంటా ఉండాడు కదా, నువ్వెందుకు చెప్తా ఉండావు? రేపు ఒక్క రోజు చూస్తా. కాలేదంటే వేరే అమ్మాయిని పిలిపిస్తా" అన్నారు. ఆయన అరవలేదు, అందుకే ఇంకా భయమేసింది.

హూడిలో మా ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. అద్దం ముందు కూర్చుని పెదవులు బిగబట్టి చూశాను, బిగబడితే ముఖం కొయ్యబారింది, వదిలితే మళ్ళీ కదిలాయి. చివరికి మోకాళ్ళూని, "ప్రభువా, ఈ వేషం పోనివ్వకు, ప్రభువా, నా పెదవుల్ని కట్టేయి, ప్రభువా, దర్శకుడి మనసు మార్చు, ప్రభువా, మా తాత పేరు నిలబెట్టు" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తుంటే, పక్కన మోకరించిన అమ్మ నా భుజం తట్టింది. "సాకు బిడ్డా, ఇంక చాలు, కొంచెం ఆగప్పా. దేవుణ్ణి కూడా మాట్లాడనియ్యకుండా ఉండావే నువ్వు" అంది.

నాకు కోపమొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ పైన ఏడుపొచ్చింది. నోరు మూసుకుని అలాగే ఉండిపోయాను. కాసేపటికి కుక్కర్ విజిల్ వినపడింది, వీధిలో ఆకుకూరలామె కేక వినపడింది, పక్కనే అమ్మ ఊపిరి వినపడింది. ఆకాశం నుంచి స్వరమేదీ రాలేదు సహోదరులారా, అబద్ధం చెప్పను. కానీ ఒకటి తెలిసింది, అందరి మాటలూ నాకు ముందే కంఠతా వచ్చు, ఎవరి మాటా నేను విననే వినడం లేదు. "ప్రభువా, నాకు వినడం నేర్పించు" అన్నాను, అంతే. అప్పటిదాకా ముట్టని అన్నం, ఆ పూట రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

మర్నాడు నా తండ్రి వేషం వేసిన పెద్దాయన, "నిన్ను పంపించడం నాకు చేతకావడం లేదు తల్లీ" అన్నారు. ముందు రోజు పదహారుసార్లు అన్న మాటే అది, నాకు మాత్రం అప్పుడే వినపడింది. పెదవులు ఆగిపోయాయి, కళ్ళు వాటంతటవే నిండాయి. దర్శకుడు కట్ చెప్పడం మరిచిపోయి, కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "ఓకే అమ్మా, ఇదే కావాల్సింది" అన్నారు. ఆ వేషం నాకే నిలిచింది, దేవునికే మహిమ.

సినిమా ఆడుతుందో లేదో ఆయనకే ఎరుక. రెండో అవకాశం కూడా వచ్చింది, అందులో నాది మూగపిల్ల వేషం, అమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. మీలో ఎవరైనా భయంతో అడిగి అడిగి అలసిపోయి ఉంటే, ఈరోజు అడగాల్సింది అడిగేసి, ఆమేన్ అని గబుక్కున లేచిపోకండి. ఆయన్ని నమ్మి కాసేపు కూర్చోండి, ఆయన మాట ఆయన్ని చెప్పనివ్వండి.