మగ్గం గుంతలో పడేసిన కథ

నా చిన్ననాటి స్నేహితుడు నరసింహులు పెనుకొండలో మాస్టరుగా రిటైరై, రాబోయే కాలం మీద ఒక పత్రికలో కథ రాశాడు. అందులో వాతావరణం తలకిందులై మా ధర్మవరంలో ఏడాది పొడవునా వాన కురుస్తూనే ఉంటుంది. నేతగాళ్లు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలన్నీ నీళ్లతో నిండిపోతాయి. మా ఆవిడ దాన్ని మూడుసార్లు చదివి, "ఎంత బాగా రాసినాడప్పా ఆయప్ప!" అంది. నలభై ఏళ్లుగా నేను నేసిన చీరల్లో ఒక్కదాన్నీ ఆమె అట్లా మెచ్చుకోలేదు.

పోయిన ఏడాది హిందూపురం గ్రంథాలయంలో ఆ కథకు వాడికి సన్మానం చేశారు. రెండొందల మంది ముందు నేను లేచి, "ఈ కత నాదే! నేను చెప్పిందే వీడు రాసుకున్నాడు" అన్నాను. చప్పట్లతో హాలు దద్దరిల్లింది.

సరే, నిజం చెబుతాను. ఉన్నది పద్నాలుగు మంది, మా ఆవిడతో కలిపి. దద్దరిల్లింది నా గుండె ఒక్కటే.

నరసింహులు నవ్వి, "నీదే అయితే కడాకు ఏమైతాదో చెప్పబ్బా" అన్నాడు. ముగింపు నాకెక్కడ తెలుసు? రెండు పేజీలు చదివి, కుళ్లుతో ఆ పత్రికను మగ్గం గుంతలోకి విసిరేసినవాణ్ణి!

"అందరూ ఊరిడిసి పోతారు" అని గొణిగాను.

"యాడికి పోతారప్పా?" అంది మా ఆవిడ, అందరికీ వినబడేలా. "ఓబుళేసని ఒక ముసిలాయప్ప నీళ్లల్లో కాళ్లు పెట్టుకోనే నేస్తాంటాడు. అది నువ్వే కదా!"

నా పేరు ఓబుళేసు.

ఇంటికొచ్చి గుంతలోంచి పత్రిక తీసి, దుమ్ము దులిపి, ముగింపు చదివాను. కథలో ఆ ఓబుళేసు నేసిన చీరను భార్య చేతిలోకి తీసుకుని మురిసిపోతుంది. ఇప్పుడు నా కుళ్లు నరసింహులు మీద కాదు, ఆ ఓబుళేసు మీద.