రాళ్ళ ఇళ్ళకు కాపలా

మొన్న మంగళవారం పాకాల నుంచి పొద్దుటి బండిలో మేస్త్రిగారి కొడుకు వచ్చాడు. మా బడి గేటు దగ్గరే నిలబడి, “టీచరమ్మా, నాయన పోయినాడు” అన్నాడు. పోయేముందు ఏమైనా అన్నారా అని అడిగాను. “కాలవలో ఆకు ఎత్తినారా లేదా అని అడిగినాడు” అన్నాడు. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి నాకు. మా మేస్త్రి అంతే.

రైల్వేలో గ్యాంగు మేస్త్రిగా పట్టాలు కాచి కాచి రిటైరైన మనిషి ఆయన. చంద్రగిరి వైపు నుంచి తిరుమలకు ఎక్కే పాత మెట్లదారిని, ఎవరూ అడక్కుండానే, ప్రతి ఆదివారం బాగుచేసేవారు. ఆయన వెంట నలుగురైదుగురం. మెట్టు మీది రాయిని మడమతో తొక్కి, చెవి పెట్టి వినేవారు. కదిలే రాయి ఆయనకు చప్పుడులోనే తెలిసిపోయేది. మధ్యాహ్నానికి ఆయన క్యారియర్‌లో సంగటీ ఊరుబిండీ అందరికీ సరిపోను ఉండేవి.

నేను చేరింది భక్తితో కాదు, కోపంతో. పదేళ్ళ కిందట ఆ దారిలో వానకు కోసుకుపోయిన చోట మా అమ్మ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పిన రోజే, “వచ్చే కార్తీకానికి మళ్ళా నడిచే ఎక్కుతా” అంది. బస్సులో పోదామంటే మొహం తిప్పేసుకుంది. మా అమ్మను మార్చడం కన్నా దారిని బాగుచేయడమే సులువనిపించింది నాకు. కొంగు దోపుకుని వెళ్ళి గడ్డపార అడిగాను. మేస్త్రి చీపురు ఇచ్చారు.

“నాకు బలముండాది మేస్త్రీ” అన్నాను పౌరుషంగా.

“ఉంటాదిలేమ్మా. రాళ్ళు యాడికీ పోవు. మొదట నీళ్ళు యాడ పోతాయో సూడు.”

మూడు ఆదివారాలు ఆకులే ఊడ్చాను. నాలుగో ఆదివారం వాన పట్టుకుంది. అందరూ మంటపంలోకి పరిగెత్తితే, ఆయన నన్ను వానలోకి పిలిచారు. మనుషులు నడిచే దారినే నీళ్ళూ పట్టుకుని, మెట్ల కింది మట్టిని ఎలా తోడేస్తున్నాయో అప్పుడు చూశాను. దారికి అడ్డంగా, కాస్త ఏటవాలుగా రాళ్ళు పాతి, ఆ నీళ్ళను పక్క లోయలోకి మళ్ళించడమే మా పని. అమ్మ పడ్డ చోట అలాంటి కాలువ ఒకటి నా చేతులతో కట్టాను. చేతులు బొబ్బలెక్కాయి.

తర్వాతి ఆదివారం చూస్తే సగం రాళ్ళు లేవు. సొంత ఇల్లు కలగాలని దారి పక్కన రాయి మీద రాయి పేర్చి మొక్కుకోవడం మన కొండల్లో ఎప్పటినుంచో ఉన్నదే. నా రాళ్ళన్నీ అక్కడ బుల్లి ఇళ్ళయి కూర్చున్నాయి. ఒళ్ళు మండి, అన్నిటినీ ఊడబీకి మళ్ళీ కాలువలో పాతాను.

పై మెట్టు మీద ఒకామె నిలబడి చూస్తోంది. “పన్నెండేండ్లుగా బాడిగింట్లో ఉండామమ్మా. దీన్ని కూడా నిలబడనీవా?” అంది. గొంతులో కోపం లేదు. అదే నన్ను చంపేసింది.

మేస్త్రి వాగులోకి దిగి, ఒడి నిండా గుండ్రాళ్ళు తెచ్చి ఆమె ముందు పోశారు. ఆమె పేర్చేదాకా పక్కనే కూర్చున్నారు. తర్వాత నాతో, “వాళ్ళకీ రాయే కావాల, మనకీ రాయే కావాల. ఈ కొండలో రాళ్ళకేమన్నా కరువా?” అన్నారు.

అప్పటి నుంచి ఆదివారం మొదటి పని అదే. ప్రతి కాలువ పక్కనా రెండు గంపల రాళ్ళు కుప్ప పోయడం. ఆ తర్వాత మా కాలువల జోలికి ఎవరూ రాలేదు.

ఆ కార్తీకంలో అమ్మ కర్ర పట్టుకుని ఎక్కింది. తాను పడ్డ చోటు ఏదో తనే గుర్తుపట్టలేకపోయింది. “యాడమ్మీ, పైన ఉండాదా?” అని అడుగుతూ దాన్ని దాటేసింది. వెనక వస్తున్న మేస్త్రి నా వైపు చూసి చిన్నగా తలూపారు. నా జీవితంలో అంతకు మించిన మెప్పు నాకు దొరకలేదు.

ఆయన బతుకంతా రైల్వే క్వార్టర్స్‌లో, ఆ తర్వాత బాడిగింట్లో గడిచింది. మీరెందుకు రాళ్ళ ఇల్లు పేర్చరని ఒకసారి అడిగాను. “ఇంతమంది ఇండ్లకు కాపలా ఉండాను, సాలదా” అని నవ్వారు.

ఈ ఆదివారం కొత్తగా ఒక బ్యాంకు గుమస్తా వచ్చాడు. గడ్డపార అడిగాడు. చీపురిచ్చాను. ఆకులు ఎత్తడం అయ్యేసరికి చినుకులు మొదలై, వాన జోరందుకుంది. “రా నాయనా, నీళ్ళు యాడ పోతాయో సూద్దాం” అని అతన్ని వానలోకి పిలిచాను. అమ్మ పడ్డ చోట, కుప్పలోంచి మూడు రాళ్ళు తీసి, పదేళ్ళలో మొదటిసారి నేనూ ఒక ఇల్లు పేర్చాను, మేస్త్రికి. ఎర్రటి నీళ్ళు మెట్ల మీదుగా ఉరుకుతూ వచ్చాయి. కాలువ దగ్గర మలుపు తిరిగి, ఆ ఇంటిని తాకకుండా లోయలోకి దిగిపోయాయి.