స్పర్ధకు నేను రాసిన అర్థం

మా చిన్నప్పుడు మాదాపూర్‌లో మా బడికి ఒకే ఒక్క కంప్యూటర్... దాని మీద పూల గుడ్డ కప్పేవాళ్ళు. చెప్పులు బయట విప్పితేనే లోపలికి రానిచ్చేవాళ్ళు. బడి వెనక గాజు బిల్డింగులు అప్పుడప్పుడే లేస్తున్నాయి.

శుక్రవారం స్లిప్ టెస్టులో ఫస్టు వచ్చినవాళ్ళకే శనివారం కంప్యూటర్ ముందు కుర్చీ. మిగతావాళ్ళం వెనక నిలబడి చూడాలి. మూడు వారాలుగా ఆ కుర్చీ స్వరూపదే. అది నా పక్క బెంచీ నేస్తం, మా ఇంటి ఓనరు కూతురు. అనంతపురం నుంచి వచ్చి వాళ్ళింట్లోనే కిరాయికి ఉండేవాళ్ళం. ఒక్కసారైనా ఆ కీబోర్డు ముట్టుకోవాలని నాకు ఒకటే యావ...

ఆ శుక్రవారం తెలుగు. పది మాటలకు అర్థాలు రాయాలి. చివరిది "స్పర్ధ". నేను "పగ" అని రాశాను.

ఎప్పటిలాగే పక్కవాళ్ళతో పేపర్లు మార్చుకుని దిద్దుతున్నాం. టీచర్ జవాబులు చెబుతున్నారు.

"స్పర్ధ... సంస్కృతం నుంచి వచ్చిన మాట. పోటీ అని అర్థం. ఒకరిని మించాలనుకోవడం. పగ కాదర్రా, పగ వేరు."

నా చేతిలో స్వరూప పేపరు. గుండ్రటి అక్షరాలతో "పోటీ". అంతవరకూ దానివన్నీ ఒప్పులే.

ఎర్ర పెన్ను కాసేపు ఆగింది... తర్వాత ఇంటూ పెట్టాను. తొమ్మిది.

నా పేపరు నా చేతికొచ్చింది. "పగ" పక్కన టిక్కు. పదికి పది.

"మార్కుల్లో తేడా ఉంటే ఇప్పుడే చెప్పండి, తర్వాత నా దగ్గరికి రావద్దు," అన్నారు టీచర్.

స్వరూప ఆ ఇంటూని చూసింది. నన్ను చూసింది. అది నోరు తెరిస్తే చాలు, నా పని అయిపోయినట్టే... అది పేపరు నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో దోపుకుంది.

శనివారం కుర్చీలో కూర్చున్నాను. వేళ్ళు కదలలేదు. వెనక నుంచి స్వరూప గొంతు.

"ఏందే, నీ పేరు కొట్టనీకి గింత సేపా? జర జల్దీ కానీ, గంట కొడ్తరు ఇగ."

జవాబు తెలిసీ నాకు టిక్కు ఎందుకు పెట్టింది? ప్రేమా, జాలా? నా యావ కనిపెట్టిందా? అడగలేదు. ఆ ఏడాదే వాళ్ళు ఇల్లు అమ్మి మూసాపేట వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఆ బడి లేదు. అక్కడ అంతస్తుకో ఆఫీసు, మనిషికో కంప్యూటర్. అందులో ఒకదాని ముందు రోజూ నేనే కూర్చుంటాను.

ఆ రోజుల్లో మీ పేపరు ఎవరు దిద్దేవారు? గుర్తుంటే చెప్పండి... నా వెనక మాత్రం ఇప్పుడు తొందరపెట్టేవాళ్ళెవరూ లేరు.