ముద్ర వేసిన చెక్కజోళ్ళు

జేబెజ్ క్రాంక్‌షా మేకును పటకారుతో పట్టి, చెక్క చిట్లకుండా అటూ ఇటూ కదుపుతూ పైకి లాగాడు. జోడు అడుగున అరిగిపోయిన ఇనపలాడం ఊడి ఒళ్ళో పడింది. పిల్లింగు వాళ్ళ వంటింట్లో పొయ్యి ముందు ముక్కాలిపీట మీద కూర్చుని, నాలుగేళ్ళ వాల్టర్ చెక్కజోడును మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. వాల్టర్ ఆ పక్కనే ఒంటికాలి మీద గెంతుతున్నాడు. తండ్రి ఏమోస్ గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని చూస్తున్నాడు. కూతురు కెజియాకు తొమ్మిదేళ్ళు. కిటికీ దగ్గర నిలబడి ఒక పాదం మీద ఇంకో పాదం వేసి వెచ్చబెట్టుకుంటోంది. నవంబరు చలికి రాతినేల మీద ఆ పాదాలు ఎర్రగా కందిపోయాయి.

జేబెజ్ వచ్చింది ఆ పాదాల కోసమే.

అతను పిల్లల రక్షణ సంఘం ఇన్‌స్పెక్టరు. ఆ పేరుతో మిల్లు వీధుల్లో ఎవరూ పిలవరు. హింసలాయన అంటారు. పిల్లల్ని హింసించేవాళ్ళ కోసం వస్తాడు కాబట్టి ఆ పేరు. అతను మలుపు తిరిగాడో లేదో, వీధి చివరి ఇంటిదాకా కబురు వెళ్ళిపోతుంది. తలుపులు మూసుకుంటాయి.

అతని చిన్నతనంలో గుర్రాన్ని కొడితే అడగడానికి మనుషులుండేవారు. బిడ్డను కొడితే అడిగే నాథుడు లేడు. ఇంటిలోపలి సంగతి ఇంటివాడిదే అనేవారు. లివర్‌పూల్‌లో కొందరు పెద్దమనుషులు సంఘం పెట్టారని, తర్వాత లండన్‌లోనూ పెట్టారని, చివరికి దేశమంతటికీ ఒకే సంఘమయిందని అతను చెక్కజోళ్ళ దుకాణంలో లాడాలు కొడుతూ విన్నాడు. బిడ్డల్ని హింసిస్తే శిక్షించేలా పార్లమెంటులో చట్టమయినప్పుడు అతనికి ముప్పై నిండలేదు. ఆ ఊరికి మొదట వచ్చిన ఇన్‌స్పెక్టరు రిటైరయిన పోలీసు. కట్టుమస్తు మనిషి, నిజాయితీపరుడు, కానీ అతనికి ఎవరూ తలుపు తీయలేదు. ఆయన మానుకున్నాక సంఘం కార్యదర్శి మిస్ హోల్‌రాయిడ్ దుకాణానికి వచ్చి జేబెజ్‌ను అడిగింది. ఊళ్ళో ప్రతి పిల్లకాయ పాదమూ తెలిసినవాడు నువ్వొక్కడివే కదా అంది. పోలీసు పని తనకు రాదన్నాడు జేబెజ్. మనకు కావలసింది పోలీసు కాదందామె.

అలా చేరాడు. చేరినా పనిముట్ల సంచి వదల్లేదు. ఏ గడపలోకి వెళ్ళినా ముందు పిల్లల జోళ్ళు తీసుకుని బాగుచేస్తాడు, మాటలు తర్వాత. చేతులు పనిలో ఉంటే ఎదుటివాడికీ కాస్త ఊపిరి ఆడుతుంది. కోర్టుకు ఎక్కించిన ఇళ్ళు తక్కువ. మందలించి, మళ్ళీ వెళ్ళి, మళ్ళీ చూసి వచ్చిన ఇళ్ళే ఎక్కువ.

ఏమోస్ మగ్గాల మీద పనిచేస్తాడు. వసంతంలో భార్య పోయింది. అప్పటినుంచి జీతం చేతికందిన శనివారం అతని కాళ్ళు తిన్నగా సారాకొట్టుకే నడుస్తాయి. దుప్పట్లు, గడియారం, ఆవిడ టోపీ అన్నీ తాకట్టుకొట్టుకు వెళ్ళాయి. కెజియా ఉత్త కాళ్ళతో బడికి వస్తోందని తెలిసి జేబెజ్ రెండుసార్లు మందలించాడు. పోయిన సోమవారం ఆ పిల్లకు ఊరి దానాల కమిటీ ఇచ్చిన కొత్త చెక్కజోళ్ళు తెచ్చి తొడిగాడు. వాటి పైతోలు మీద కమిటీ ముద్ర ఉంటుంది. ముద్ర ఉన్నదాన్ని తాకట్టు పట్టకూడదు. ముద్ర వేసిందే అందుకు.

ఈవేళ ఆ పిల్ల మళ్ళీ ఉత్త కాళ్ళతో కనిపించింది. ఈసారి కోర్టే. ఏమోస్ జైలుకు, పిల్లలు అనాథల ఇంటికి. వాళ్ళిద్దర్నీ అక్కడ ఒకేచోట ఉంచుతారన్న నమ్మకం కూడా లేదు.

"జోళ్ళు బాగుచేయడానికొచ్చావా దొరా, నాకు జైలుగుడ్డల కొలత తీయడానికొచ్చావా?" అన్నాడు ఏమోస్.

జేబెజ్ తల ఎత్తలేదు. కొత్త లాడం చెక్క అంచుకు ఆనించి చూసుకున్నాడు. "అమ్మేశావా?"

"లేదు."

"మరి ఎక్కడున్నాయి?"

"తెలీదంటున్నా కదా. తెల్లారకముందే మిల్లుకు పోతా. ఇంట్లో ఏం జరుగుద్దో నాకెలా తెలుస్తది?"

ఆ జవాబు జేబెజ్‌కు రుచించలేదు. వచ్చే దారిలో తాకట్టుకొట్టు ఆవిడను అడిగితే, ఆ ముద్ర చూస్తే తన మొగుడు తలుపే వేసుకుంటాడని నవ్వింది. అయినా కొట్టు ఒక్కటే కాదుగా ఊళ్ళో. ముద్రలు లెక్కచేయని కొనుగోలుదార్లూ ఉంటారు. మిస్ హోల్‌రాయిడ్‌కు ఏం చెప్పాలో దారిలోనే అనుకుని ఉన్నాడు.

పొయ్యి ఆరిపోతోంది. వేళ్ళు కొంకర్లుపోయి మేకు నిలవడం లేదు. మెట్లకింద బొగ్గుల గూట్లోంచి నాలుగు బొగ్గులు తెచ్చుకుందామని లేచాడు.

కెజియా ఒక్క ఉరుకున ముందుకొచ్చింది. "మీరు కూర్చోండి. నేను తెస్తా. మీ బట్టలు మసవుతాయి."

హింసలాయన బట్టల గురించి ఆ వీధిలో ఇంతవరకూ ఎవరూ దిగులుపడలేదు. జేబెజ్ కూర్చున్నాడు. పిల్ల పిడికెడు బొగ్గులు తెచ్చి పోసింది. చాలవన్నాడు. మళ్ళీ పిడికెడే తెచ్చింది. గూటి తలుపు ముందు వీపు ఆనించి నిలబడిపోయింది.

"కెజియా, నువ్వు తీస్తావా తల్లీ, నన్ను తీయమంటావా?"

పిల్ల తండ్రి వైపు చూసింది, తలుపు తీసింది, బొగ్గుల వెనక చెయ్యిపెట్టి గోనెగుడ్డ మూట లాగింది. అందులో చెక్కజోళ్ళు. ముద్ర ఉన్నచోట తోలు నిండా గీతలు. అన్నీ పైపై గీతలే. కూరగాయల కత్తిని బలం చాలని చెయ్యి పట్టుకుని గీకిన గీతలు. ముద్ర మాత్రం పోలేదు.

"నాన్న అమ్మలేదు. నేనే దాచా."

"ఎందుకమ్మా?"

"అవేసుకుని పోతే ఆ ముద్ర చూసి బళ్ళో అందరూ హింసలాయన కూతురొచ్చిందంటారు. నా పక్కన కూర్చోరు." తలవంచుకుంది. "కాళ్ళు చల్లగుంటే ఎవరూ ఏమనరు."

ఏమోస్ గోడనుంచి కదిలివచ్చి జోడు తీసుకుని ఆ గీతల మీద బొటనవేలు నడిపాడు.

"నిన్నే అనుమానించాను," అన్నాడు జేబెజ్. "తప్పు నాదే."

"అనుమానించడానికి నేనేం తక్కువ చేశానా," అన్నాడు ఏమోస్.

జేబెజ్ వాల్టర్ జోడుకు చివరి మేకు కొట్టి వాడి కాలికి తొడిగాడు. కెజియా జోళ్ళు సంచిలో వేసుకున్నాడు. ముద్ర తీసేస్తే వీటిని ఏ కొట్టయినా తాకట్టు పట్టుకుంటుందని ఏమోస్‌కు చెప్పాడు. ఇక ఆ ముద్ర నువ్వే, వేరే కాపలా ఉండదు అన్నాడు.

మర్నాడు మిస్ హోల్‌రాయిడ్‌కు జరిగింది జరిగినట్టు చెప్పాడు. కమిటీని తాను ఒప్పిస్తాను గానీ, జోళ్ళు తాకట్టుకు పోతే ఏం చేస్తావని అడిగిందామె. పోతే ఏమోస్ మీద ఫిర్యాదు తానే ఇస్తానన్నాడు. ఆమె కాస్త ఆలోచించి సరేనంది.

తన ఇంటి పెరటి కొట్టంలో పైతోలును తడిపి మెత్తబరచాడు. గీతలను ముందు వాటి దారినే పోనిచ్చాడు. లోతుగా ఉన్నవాటిని ఆకుల ఈనెలు చేసుకుని, మొద్దు ఉలితో ఇరుపక్కలా ఆకు అంచులు ఒత్తాడు. ముద్రలోని గుండ్రటి గీత ఒక తీగలో కలిసిపోయింది. అక్షరాలు ఎంతకూ లొంగలేదు. వాటిమీద చుక్కలు చుక్కలుగా నొక్కి మొగ్గలు చేశాడు. ఒకచోట తోలు పలచబడింది. లోపలినుంచి చిన్న మాసిక వేసి కుట్టాడు. రెండో జోడుకు గీతలు తక్కువే అయినా అదే తీగ వేశాడు, లేకపోతే జత కుదరదు. నల్లమైనం రుద్ది ఆరబెట్టాడు.

శనివారం మిల్లు మధ్యాహ్నానికే వదిలేస్తారు. జేబెజ్ ఆ వేళకు వెళ్ళి వంటింట్లో కూర్చున్నాడు. నాన్న శనివారం చీకటిపడ్డాకే వస్తాడంది కెజియా. చూద్దామన్నాడు. జోళ్ళు సంచిలోంచి తీయలేదు, ఆ పిల్లా అడగలేదు. మిల్లు కూత వినిపించింది. వీధిలో చెక్కజోళ్ళ చప్పుడు వానలా వచ్చి, ఇళ్ళల్లోకి, సారాకొట్టులోకి చీలిపోయి, తగ్గిపోయింది. వీధి ఖాళీ అయింది. జేబెజ్ చూపు నేలకు దిగింది.

తలుపు తెరుచుకుంది. ఏమోస్ జుట్టునిండా దూదినూగు. ఒంటినుంచి మగ్గం నూనె వాసన వస్తోంది. ఇంకే వాసనా లేదు. చంకలో రొట్టె ఉంది.

జేబెజ్ లేచి, జోళ్ళు తీసి పిల్లకు కాక తండ్రి చేతికిచ్చాడు. ఏమోస్ వాటిని వెలుతురుకు తిప్పి చూశాడు. ముద్ర ఎక్కడుందో వెతికాడు, దొరకలేదు. రొట్టె బల్లమీద పెట్టి, కూతురి ముందు మోకాళ్ళమీద కూర్చుని, కాలు పట్టుకుని జోడు తొడిగాడు.

"ఈ కొక్కెం ఇట్లాగేనా?"

"ఇంకో కన్నం వదులుగా పెట్టు. కాలు ఎదిగే వయసు," అన్నాడు జేబెజ్.

ఇత్తడి కొక్కెం పడింది. ఏమోస్ రెండో పాదం కోసం చెయ్యి చాపాడు.