మబ్బు దిగిన మలుపు

నేను తాడును చూసి పామనుకునే రకం. బస్సు ఘాట్ ఎక్కుతుంటే అందరూ కిటికీల్లోంచి టేకు అడవిని చూస్తారు, నేను డ్రైవర్ చేతుల్ని చూస్తాను. అలాంటిదాన్ని, నడి వానాకాలంలో బాపును వెంటబెట్టుకుని నిర్మల్ ఘాట్ మీద హోటల్లో దిగానంటే నాకే నమ్మబుద్ధి కాదు.

మాది సిరిసిల్ల. అక్కడ నాన్నను బాపు అంటాం. బాపు బతుకంతా పవర్‌లూమ్ మగ్గాల ముందే గడిచింది. మా మాటలో వాటిని సాంచెలంటాం. ఆర్డర్లు లేక సేటు కొన్నాళ్లు సాంచెలు బంద్ పెట్టాడు. పని లేక ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న బాపును చూడలేక, కుంటాల జలపాతం చూపిస్తాను పదమన్నాను. ఘాట్ ఎక్కేసరికి వాన పట్టుకుంది. ఆ పూటకు రోడ్డు పక్కనున్న హోటల్లో ఆగిపోయాం. కింద చాయ్, టిఫిన్లు. మీద రెండు గదులు. కిటికీ తీస్తే లోయ. బాపు దాన్ని చూసి మురిసిపోయాడు, నేను కిటికీ మూసేశాను.

హోటల్ నడిపే ఆమెది మెత్తటి గొంతు. తల వంచుకుని పప్పు వడ్డిస్తూ, "పెద్దయ్యా, పొద్దుగాల మబ్బు రోడ్డు మీదికే దిగుతది. మలుపు దిక్కు పోకుండ్రి. ముంగటికి వచ్చేదాంక లారీలు కానరావు" అంది.

బాపు "ఆఁ, ఆఁ" అని తలూపాడు. హమ్మయ్య అనుకున్నాను.

బాపుకు చెవులు కొంచెం మందమని ఇంట్లో అందరికీ తెలుసు. సాంచెల మీద పనిచేసినవాళ్లలో ఎవరికి కాదు? మా వాడలో పొద్దస్తమానం ఆ మోతే. పక్కింట్లో చారెడు ఉప్పు అడగాలన్నా అరవాల్సిందే. కొత్తగా వచ్చిన చుట్టాలు మేం కొట్లాడుకుంటున్నామని భయపడతారు. అందరూ అరిచే చోట ఎవరికి ఎంత వినబడుతుందో ఎవరు చూడొచ్చారు?

తెల్లారి లేచేసరికి బాపు మంచం ఖాళీగా ఉంది. తువ్వాల లేదు, చెప్పులు లేవు. తలుపు తీస్తే ఎదుట కొండ లేదు, లోయ లేదు, రోడ్డు అవతలి అంచు కూడా లేదు. అంతా తెల్లటి మబ్బు. కిందికి పరుగెత్తాను. ఆమె పొయ్యి ముట్టిస్తోంది.

"గిప్పుడే పోయిండక్కా. పోకు పెద్దయ్యా అని ఎనుకనుంచి పిలిచిన. తిరిగి సుత చూడలే."

"ఏ దిక్కు పోయిండు?"

మలుపు వైపు చెయ్యి చూపించింది.

రోడ్డంచున ఉన్న రాతి గోడను తడుముకుంటూ నడిచాను. బాపూ అని అరిచాను. మా వాడ గొంతు నాది, చిన్నదేం కాదు. గోడ అక్కడక్కడా కూలిపోయి ఉంది. కూలిన ప్రతిచోటా కిందికి తొంగిచూడాలంటే భయం, చూడకుండా దాటాలంటే ఇంకా భయం. ఎక్కడో లారీ హారన్ మోగింది. ముందు నుంచో వెనక నుంచో తెలియలేదు. తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. పేరు తెలియని ఆ గుట్టల దేవుడికి కూడా మొక్కాను.

మలుపు తిరిగాక కనిపించాడు. రోడ్డు నడిమధ్య, చేతులు వెనక్కి కట్టుకుని, నాకు వీపు పెట్టి, తాపీగా మబ్బును చూస్తున్నాడు. హారన్ మళ్లీ మోగింది, ఈసారి నా వెనకే, చెవులు పగిలేంత దగ్గరగా. బాపు మెడ కూడా తిప్పలేదు.

ఎట్లా ఉరికానో గుర్తు లేదు. రెక్క పట్టుకుని గోడ వైపు గుంజాను. లారీ మమ్మల్ని రాసుకున్నట్టే పోయింది. ఆ గాలికి బాపు తువ్వాల ఎగిరి రోడ్డు మీద పడింది.

"గట్ల గుంజుతవేంది బిడ్డా, పడిపోదును గద" అని కసిరాడు.

"లారీ వచ్చింది బాపూ. హారన్ ఇనవడలేదా నీకు?"

లారీ ఎర్ర దీపాలు మబ్బులో కలిసిపోతున్నాయి. వాటిని చూశాక ఆయన మొహం పాలిపోయింది.

"ఇనవడ్డది. జరుగుదామనే చూస్తున్న" అన్నాడు.

అబద్ధమని ఇద్దరికీ తెలుసు. తువ్వాల తీసి దులిపి ఆయన భుజం మీద వేసి, చెయ్యి పట్టుకుని వెనక్కి బయల్దేరాను. లారీ పోయింది, భయం మాత్రం పోలేదు. సాంచెలు ఆడే కార్ఖానాలో అరుపు కూడా వినబడదు. అక్కడ పనిచేసేవాళ్లు ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంటారు. బాపు ఇంట్లో కూడా మా మొహాల్లోకి చూస్తూనే మాట్లాడతాడు. అది ప్రేమనుకునేవాళ్లం.

మొహం పక్కకు తిప్పుకుని, "బాపూ, చాయ్ తాగుదామా?" అని గట్టిగానే అడిగాను. ఆయన రోడ్డు చూసుకుంటూ నడుస్తున్నాడు. ఇంకోసారి అడిగాను. ఆయన నడక ఆగలేదు.

ఆగి, ఆయనకు ఎదురుగా నిలబడ్డాను. గొంతు బయటికి రానీయకుండా, అదే మాట ఒట్టి పెదవులతో అడిగాను.

"తాగుదాం పా బిడ్డా" అన్నాడు.