నీళ్లలో ఊపిరి వదలడం

మా బాపు ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయని డాక్టరు చెప్పినప్పుడు నాకు మొదట కోపం వచ్చింది. ఎవరి ఊపిరి గురించి మాట్లాడుతున్నాడో ఈయనకేం తెలుసు అనుకున్నాను. హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఎవరి బావిలో మోటారు పడిపోయినా, పైపు అడుగున చెత్త ఇరుక్కున్నా కబురు మా ఇంటికే వచ్చేది. బాపు ఒడ్డున బీడీ కాల్చి, సగంలో పారేసి, గుండె నిండా గాలి పీల్చుకుని మునిగేవాడు. మునిగే ముందు నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి, "నేను పైకొచ్చేదాక ఈడికెల్లి లేవకు బిడ్డా" అనేవాడు. ఒడ్డు మీద ఒక మనిషి లేకుండా నీళ్లలో దిగకూడదన్నది ఆయన నియమం. నేను బుడగలు చూస్తూ కూర్చునేదాన్ని. బుడగలు ఆగిపోతే ఏడుపు వచ్చేది. సరిగ్గా అప్పుడే తల బయటపెట్టి నవ్వేవాడు. కావాలనే చేసేవాడని నాకు ఇప్పటికీ అనుమానం.

నాకు ఈత నేర్పిందీ ఆయనే. వీపుకు బెండు కట్టి బావిలోకి తోసేశాడు. కొన్నాళ్లకు బెండు విప్పేసి, తెల్లటి పలుగురాయి ఒకటి నీళ్లలోకి విసిరి తెమ్మనడం మొదలుపెట్టాడు. "గాలి నిండ గుంజుకో, దవడ బిగబట్టు, రాయి దొరికేదాక ఇడువకు." వట్టి చేతులతో పైకొస్తే మళ్లీ తోసేవాడు. ఆడపిల్లకు ఇదంతా ఎందుకని అమ్మ అరిస్తే వినిపించనట్టే ఉండేవాడు.

అంతటి మనిషికి ఇప్పుడు బాత్‌రూముకు వెళ్లొస్తే ఆయాసం. ఆ బీడీలే కారణమని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. గాలి లోపలికి పోతోంది కానీ బయటికి సరిగా రావడం లేదన్నాడు. ఇంటికి ఒక మిషను, దానికి గొట్టం, ముక్కూ నోరూ మూసే మాస్కు ఇచ్చారు. రోజూ పెట్టుకోకపోతే ఇంకోసారి దవాఖానకు తెచ్చే వ్యవధి కూడా ఉండకపోవచ్చని హెచ్చరించారు. నేను షాద్‌నగర్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. అమ్మ రోజూ ఫోన్ చేసేది. "మీ బాపు మళ్ల పీకి పారేసిండే. నాకు తొండం పెడ్తవా, నేనేమన్న ఏనుగునా అంటుండు." నవ్వొచ్చేది. ఫోన్ పెట్టేశాక భయం వేసేది.

అలాంటి సమయంలో కంపెనీ నన్ను కొత్త మిషను పని నేర్చుకోవడానికి మాల్టాకు పంపింది. మధ్యధరా సముద్రంలో చిన్న ద్వీపం అది. వెళ్లనా వద్దా అని కొట్టుమిట్టాడుతుంటే బాపే కసిరాడు. "పో. నేనేడికి పోతున్న? ఫికర్ చేయకు."

ఆదివారం అక్కడి వాళ్లు మమ్మల్ని సముద్రానికి తీసుకెళ్లారు. పొద్దున ఈత కళ్లద్దాలు, నోట్లో ఒక గొట్టం పెట్టుకుని నీళ్ల మీద బోర్లా తేలాం. అంత ఈత వచ్చిన నేను అప్పటిదాకా నీళ్ల అడుగు చూడనే లేదు. మా బావుల్లో అడుగు చేతికి తగిలేదే తప్ప కంటికి కనబడేది కాదు. ఇక్కడ ఇసుక మీద నా నీడ నాతో పాటే కదులుతోంది. పక్కనుంచి చిన్న చేపలు నన్ను లెక్కచేయకుండా పోతున్నాయి. బాపు చూడాల్సింది ఇది అనిపించింది.

మధ్యాహ్నం వీపుకు గాలి సిలిండరు కట్టి లోపలికి దించారు. నేర్పేది నెరిసిన జుట్టు ఆవిడ. "ఏం మర్చిపోయినా ఇది మర్చిపోకు. లోపల ఊపిరి బిగబట్టకూడదు. పీలుస్తూ, వదులుతూ ఉండాలి" అంది. సరేనని తలూపాను. లోపలికి వెళ్లాక రాళ్ల మధ్య తెల్లగా ఏదో కనబడింది. అంతే, ఆవిడా లేదు, ఆవిడ మాటా లేదు. దవడ బిగించి కిందికి దూరి, రాయి పట్టుకుని, కాళ్లు కొట్టుకుంటూ పైకి లేచాను. ఆవిడ వచ్చి నా వీపు పట్టీ పట్టుకుని ఆపేసింది. మొహంలో మొహం పెట్టి, రెండు వేళ్లతో నా రొమ్ము మీద తట్టింది. తన నోట్లోంచి బుడగలు మెల్లగా వదిలి చూపించింది. నేను వదిలేదాకా నన్ను వదల్లేదు. రాయి ఎప్పుడు జారిపోయిందో తెలియదు.

ఒడ్డుకు వచ్చాక తిట్టిపోసింది. సిలిండరులోంచి పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ ఉబ్బుతుందట, వదలకపోతే ఊపిరితిత్తి చిట్లుతుందట. "ఎవరు నేర్పారు నీకిలా?" అంది. "మా నాన్న" అని అందరి ముందూ ఏడ్చేశాను. తిట్లకు కాదు. ఆయాసం వచ్చినప్పుడల్లా బాపు ఇంట్లో ఏం చేస్తాడో కళ్ల ముందు కనబడింది. ఇంకా ఇంకా గుంజుకుని, దవడ బిగించి కూర్చుంటాడు. బావిలో ఆయన్ని బతికించిన పద్ధతే ఇప్పుడు ఆయన ప్రాణం తీస్తోంది.

తిరిగొచ్చిన మొదటి ఆదివారం మధ్యాహ్నం బాపు మంచం పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను. ఆయనకు రోషం వచ్చింది.

"ఊపిరి బిగబట్టొద్దంటదా? గామెకు అసలు ఈతొచ్చా?"

"నీకంటే మంచిగనే వచ్చు."

"ఒడ్డు మీద ఎవరుండె మరి?"

"ఎవరు లేరు. ఆమె నాతోనే నీళ్లల్ల ఉండె."

అంతలో ఆయనకు దగ్గు ముంచుకొచ్చింది, దగ్గు వెంటే ఆయాసం. గాలి లోపలికి గుంజి దవడ బిగించాడు. నేను మొహంలో మొహం పెట్టి, రెండు వేళ్లతో ఆ ఎముకల గూడు మీద తట్టాను. "ఇడువు బాపూ. నాలెక్క ఇడువు." పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా గాలి వదిలాను. ముందు కళ్లెర్రజేశాడు. తర్వాత వదిలాడు. ఇంకోసారి వదిలాడు. చాలాసేపటికి భుజాలు కిందికి దిగాయి. మాస్కు ముందుకు జరిపితే మూతి తిప్పుకున్నాడు.

"రేపు డ్యూటీ ఉందంటివి గద. బస్సుకు పో."

"నువ్వు పైకొచ్చేదాక లేవను."

నా మొహంలోకి అట్లాగే చూశాడు. "ఈసారి పైకొచ్చుడు లేదు బిడ్డా. నాకెరికే" అన్నాడు.

లేదు, వస్తావు అనాలనుకున్నాను. ఆయన దగ్గర అబద్ధం నిలవదు. "నాక్కూడ ఎరికే. అయినా కూసుంట" అన్నాను.

అప్పుడు మాస్కు తనే తీసుకుని పెట్టుకున్నాడు. ఆయన వదిలిన ఊపిరి గొట్టంలోంచి బుస్సుమంటూ బయటికి వచ్చింది. అమ్మ తెచ్చిపెట్టిన చాయ్ స్టూలు మీదే చల్లారిపోయింది. నేను లేవలేదు.