ఎల్లోస్టోన్‌లో నేను తీసిన వీడియో

మొన్న ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్‌లో నేను చేసిన ఘనకార్యం వింటే, ఈ మనిషి చేతికి ఫోన్ ఎవరిచ్చారు అంటారు. అనండి, పర్లేదు. మా ఇంట్లో ఆల్రెడీ అనేశారు.

ముందు మా ఆవిడ కల్యాణి గురించి చెప్పాలి. మేముండేది అమెరికాలో, రెడ్‌మండ్‌లో. ఇద్దరిదీ సాఫ్ట్‌వేరే గానీ, సమ్మర్ వెకేషన్ ప్లానింగ్ మాత్రం పూర్తిగా ఆమె డిపార్ట్‌మెంట్. జనవరిలోనే ఎక్సెల్ షీట్ ఓపెన్ చేస్తుంది. కార్‌కి పెట్రోల్ ఎక్కడ చవక, ఏ మోటెల్‌లో బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీ, ఏ పూట పులిహోర, ఏ పూట పెరుగన్నం, అన్నీ అందులో ఉంటాయి. పార్క్ లోపల హోటల్ రేట్లు చూసి, "ఈ డబ్బుతో ఇంకో రెండ్రోజులు తిరగొచ్చు" అని రెండు గంటల దూరంలో మోటెల్ బుక్ చేసింది. ఆ షీట్ చూసి నోరెళ్ళబెట్టడం తప్ప నేను చేసేదేం లేదు.

అంత కష్టపడిన మనిషి ఆశపడింది ఒక్కదానికే. చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో వేడినీటి ఊట బొమ్మ చూసిందట. నేలలోంచి నీళ్ళు అలా ఆకాశానికి ఎగరడం కళ్ళారా చూడాలని అప్పట్నుంచీ కోరిక.

మొదటి రోజే వెళ్ళాం. ఇంకో పది నిమిషాల్లో ఊట లేస్తుందని బోర్డు మీద పెట్టారు. మేం ముందు వరసలో కూర్చున్నాం. అప్పుడు మోగింది కల్యాణి ఫోన్! ఆఫీస్‌లో ప్రొడక్షన్ డౌన్, కస్టమర్లకి ఏదీ పనిచేయట్లేదట. ఎప్పుడు పిలిచినా పలకాల్సిన ఆన్‌కాల్ డ్యూటీ ఆ వారం తనదే, మార్చుకోవడానికి ఎవరూ దొరకలేదు పాపం. లాప్‌టాప్ కార్‌లో ఉంది.

"శ్రీనూ, నేను వెళ్ళాలి. నువ్వు మొదట్నుంచీ చివరిదాకా వీడియో తీయి. చెయ్యి కదలకూడదు. ప్లీజ్!"

"నువ్వెళ్ళు, సినిమా తీసినట్టు తీస్తా!"

వెనక్కి చూసుకుంటూ పరిగెత్తింది. నాకు మనసు చివుక్కుమంది.

రికార్డ్ నొక్కాను. ముందు కాస్త ఆవిరి. తర్వాత లోపల్నించి గుబగుబమని చప్పుడు. మా తొమ్మిదేళ్ళ అమ్మాయి అనన్య నా చొక్కా గట్టిగా పట్టుకుంది. అంతే! నీళ్ళు లేచాయి చూడండీ... లేస్తున్నాయి, లేస్తూనే ఉన్నాయి! ఎండకి తెల్లగా మెరిసిపోతున్నాయి. కాళ్ళ కింద ఇంత శక్తి దాచుకుని ఈ భూమి రోజూ ఏమీ ఎరగనట్టు ఎలా ఉంటుందండీ! నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి దండం పెట్టేశాను.

అరగంటకి కల్యాణి వచ్చింది. "ఇష్యూ ఫిక్స్ అయింది. తీశావా?"

"తీయకేం!" అని గర్వంగా ఫోన్ ఇచ్చాను.

పది సెకన్లు ఆవిరి, అప్పుడే లేస్తున్న నీళ్ళు కనిపించాయి. తర్వాత మూడున్నర నిమిషాలు చీకటి. ఆ చీకట్లోంచి నా గొంతు: "అబ్బా! ఓరి దేవుడా! తల్లీ, నీకు దండం!"

"ఇదేంటి?" అంది కల్యాణి.

"మమ్మీ, డాడీ ప్రే చేశాడు," అంది అనన్య. "ఫోన్ హ్యాండ్స్ లోపల ఉంది."

కల్యాణి ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టేసింది. తిడితే బావుండును! "మళ్ళీ లేవాలంటే ఇంకో గంట పైనే పడుతుందట," అని నసిగాను. "షీట్ ప్రకారం మనం ఇప్పుడే బయల్దేరాలి కదా..."

ఆమె కార్‌లోంచి వెంట తెచ్చుకున్న లాప్‌టాప్ తెరిచి షీట్ కిందికి జరుపుకుంటూ పోయింది. నేనెప్పుడూ అంత అడుగుకి వెళ్ళలేదు. అక్కడ ఆఖరి వరసలో ఉంది: 'శ్రీను పొరపాట్లు: రెండు గంటలు, వంద డాలర్లు.' జనవరిలోనే రాసిందట!

"కూర్చో, టైముంది," అంది.

రెండోసారి ఊట లేచినప్పుడు ఫోన్లు రెండూ బ్యాగ్‌లోనే ఉన్నాయి. కల్యాణి పసిపిల్లలా నోరు తెరుచుకుని చూస్తోంది. నేను నీళ్ళని చూడాలో ఆమెని చూడాలో తేల్చుకోలేకపోయాను. ఇంత మహాద్భుతం ముందు నిలబడి కూడా, నా మనసంతా ఆ ఆఖరి వరస మీదే ఉంది. నన్ను ఇంత కచ్చితంగా లెక్కగట్టిన మనిషి ఈ లోకంలో ఇంకెవరున్నారు!

ఆలస్యమైందని భోజనం అక్కడే కొనుక్కున్నాం. వంద డాలర్లూ హారతి కర్పూరమైపోయాయి. కార్ ఎక్కాక మెల్లగా అడిగాను, "నా వరసలో ఇంకేమైనా మిగిలిందా?"

"ఏం లేదు. అది మొత్తం ట్రిప్‌కి పెట్టింది."

ట్రిప్ ఇంకా నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజులూ నా ఫోన్, రూమ్ కీ, పార్క్ మ్యాప్ అన్నీ అనన్య చేతిలోనే. నన్ను నమ్మి ఇచ్చింది ఒక్క ఆవకాయ సీసా. దానికీ మూత చుట్టూ నాలుగు చుట్లు టేపు వేసి!